కాకి పద్ధతిన కరెంటు

షాక్ కొట్టేది కరెంటు కాదు, నేల. ఈ సంగతి మా పెదసోమవరం కరెంటాఫీసు కనిపెట్టింది. భూమ్మీద ఇంకే ఊరివాళ్ళకీ ఇది తట్టలేదు కాబట్టి, ఎలా కనిపెట్టారో, కనిపెట్టాక ఏం చేశారో రాసి పెడుతున్నా.

మా పక్కింటి రత్నం వదిన పిండి రుబ్బి అమ్ముతుంది. ఊళ్ళో ఇడ్లీ బళ్ళు చాలావరకు ఆ పిండి మీదే నడుస్తాయి. మొగుడు అంకారావు లారీ డ్రైవరు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఉండేది వదిన, ఆవిడ అత్త వెంకాయమ్మ. గ్రైండరు మాత్రం ఇంట్లో ఉండదు, పెరట్లో రేకుల షెడ్డులో ఉంటుంది. ఆ షెడ్డుకి కరెంటు ఎలా వెళ్తుందంటే, వంటింటి ప్లగ్గులోంచి ఒక వైరు బయల్దేరి, కిటికీ దాటి, బట్టలారేసే దండెం మీదుగా సాగి, రేకుకి కొట్టిన బొక్కలోంచి లోపలికి దూరుతుంది. రేకు అంచు కత్తిలాగుంటుంది. గాలి వీచినప్పుడల్లా వైరుని కోస్తుంది. కోసిన చోటల్లా అంకారావు టేపు చుడతాడు. ఇప్పుడందులో వైరు కంటే టేపే ఎక్కువ.

షెడ్డు నేల ఎప్పుడూ తడే. పప్పు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, గ్రైండరు కడిగిన నీళ్ళు. ఆ తడిలో వదిన వట్టికాళ్ళతో నిలబడుతుంది. చెప్పులేసుకోవచ్చుగా అంటారు మీరు. మీరు వెంకాయమ్మని చూడలేదు. తినే పిండి రుబ్బే చోట చెప్పుకాళ్ళా అని ఆవిడ ఒక్కసారి అడిగితే చాలు, రెండోసారి అడిగే పని పడదు.

కొన్నాళ్ళుగా గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమంటోంది. మొదట్లో చీమ కుట్టినట్టుండేదట. తర్వాత మోచేతి దాకా లాగేది. ఒక పొద్దున చెయ్యి అతుక్కుపోయింది. ఎలా విడిపించుకుందో ఆవిడకే తెలీదు. నేను కేక విని గోడ దూకి వెళ్ళేసరికి పిండి గిన్నె ఒక మూల, ఆవిడ ఒక మూల పడున్నారు.

"ఈసారి పోయేదాన్నే అబ్బాయ్," అంది, నేలపాలైన పిండి వంక చూస్తూ.

"కొన్నాళ్ళు ఆపెయ్ వదినా," అన్నాను.

"ఆపితే తినేదేంది? నేను పోతే ముసల్దాన్ని చూసేదెవరో అదీ తెలీదు, రుబ్బకపోతే ఎట్టా బతకాలో ఇదీ తెలీదు. ఏదో ఒకటి తెలిసేదాకా రుబ్బాలిగా."

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మీటరు దగ్గర్నుంచి మంచి కేబులు పైపులో పెట్టి, నేలలో పూడ్చి షెడ్డుకి తీసుకెళ్ళాలి. లీకైన మరుక్షణం కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టాలి. గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు దించాలి. ఏ ఎలక్ట్రీషియనైనా చేస్తాడు. కానీ ఈమధ్యే ఒక నిబంధన వచ్చిపడింది. పెరటి షెడ్డుకి గాల్లో వేలాడే వైరు తాత్కాలికం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేలలో పూడ్చిన కేబులు శాశ్వతం, దానికి ఆఫీసు అనుమతి కావాలి. అనుమతి లేకుండా పూడ్చినవాడి లైసెన్సు ఊడుతుంది. చావుకి తలుపు బార్లా తెరిచి, బతుక్కి తాళం పెట్టారన్నమాట. సరే, తాళంచెవి అడుగుదామని అర్జీ పట్టుకుని ఇద్దరం ఆఫీసుకెళ్ళాం.

ఏఈ మార్కండేయులు గారు మంచాయనే. కాకపోతే ఆయన మాట్లాడితే సర్క్యులరు పైకి చదివినట్టుంటుంది. అర్జీ మొత్తం చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"షెడ్డుకు సురక్షితమైన విద్యుత్ సరఫరా కల్పించవలసిందిగా కోరారు. అనగా, ప్రస్తుత సరఫరా సురక్షితం కాదని సూచిస్తున్నారు."

"సూచించేదేంది సార్, చెయ్యి చూడండి," అని వదిన కమిలిన వేళ్ళు ఆయన ముందు పెట్టింది.

"వేళ్ళు మా శాఖ పరిధిలోకి రావమ్మా. మేం సరఫరా చేసే విద్యుత్తు సురక్షితం. ఇది విధానపరమైన వాస్తవం. సురక్షితమైనదాన్ని సురక్షితం చేయమనే అర్జీని స్వీకరించడానికి నిబంధనలు అంగీకరించవు."

"మరి షాకెందుకు కొడుతున్నట్టు?" అన్నాను.

ఏఈ గారు జవాబు కోసం కిటికీ వైపు తిరిగారు. ఆఫీసు ముందు స్తంభాల తీగ మీద ఒక కాకి కూచుని ముక్కు గీకుతోంది. ఆయన మొహం వెలిగింది. గొప్ప గొప్ప విషయాలు ఇలాగే కనిపెడతారని విన్నాను గానీ, ఎదురుగా చూడటం అదే మొదలు.

"ఆ కాకిని పరిశీలించండి. సదరు కాకి కూర్చున్న తీగ ముందు మీ షెడ్డు వైరు ఏపాటి? ఆ కాకికి కేబులున్నదా? బ్రేకరున్నదా? ఎర్తు గొయ్యి ఉన్నదా?"

"లేవండి."

"షాక్ తగిలినదా?"

"లేదండి."

"కారణం?"

వదిన కాసేపు ఆలోచించింది. "అది కాకి కాబట్టి," అంది.

"కాదమ్మా. అది నేలను తాకడం లేదు, మీరు తాకుతున్నారు. కరెంటు మాది. నేల మాది కాదు. కాబట్టి లోపం నేలతో మీకు గల సంబంధంలో ఉన్నది. ఆ సంబంధాన్ని తొలగించుకున్నచో సమస్య పరిష్కారమైనట్లే."

"తీగలకి చచ్చి వేలాడే కాకులు కనపడుతుంటాయి కదా సార్," అన్నాను.

"అవి విధానాన్ని ఉల్లంఘించిన కాకులు," అన్నారాయన, తొణక్కుండా.

ఈ ఆలోచన పైకి వెళ్ళింది. పైవాళ్ళకి బాగా నచ్చింది. ఎందుకు నచ్చదు? కేబులు అక్కర్లేదు, గొయ్యి అక్కర్లేదు, మార్చాల్సింది మనుషుల్ని మాత్రమే. కొద్దిరోజుల్లోనే దానికి విహంగ ఆదర్శ సురక్షా విధానం అని పేరు పెట్టి, మా ఊరిని ప్రయోగానికి ఎంచుకున్నారు. జనం కాకి పద్ధతి అన్నారు. గోడల మీద కాకి బొమ్మలు వెలిశాయి, కింద 'నేలను వీడు, క్షేమంగా ఉండు' అని రాశారు. స్కూలు పిల్లల చేత నల్ల కాగితం రెక్కలు కట్టించి ఊరేగించారు. విధానం పాటించని షెడ్డుకి కరెంటు కోసేస్తామని మైకులో చెప్పించారు. మొదటి అర్జీ ఆవిడదే కాబట్టి అమలు రత్నం వదిన షెడ్డుతోనే మొదలు.

మొదటి దశలో రబ్బరు చెప్పులు. ఏఈ గారు జీపు దిగి, నీలం పట్టీల హవాయి చెప్పులు పళ్ళెంలో పెట్టి వదిన చేతికిచ్చి ఫోటో దిగారు. వెంకాయమ్మ వంటింటి గుమ్మంలో కూచుని అంతా చూసింది.

"ఏందయ్యా అవి?"

"సురక్షా పాదరక్షలు మామ్మగారూ. గ్రైండరు వద్ద ధరించాలి."

"పిండి కాడ చెప్పులా? మీ ఇంట్లో మీ ఆవిడ చెప్పులేసుకునే వండుద్దా?"

ఏఈ గారు ఖాళీ పళ్ళెం తీసుకుని జీపెక్కారు. సాయంత్రానికి ఇడ్లీ బళ్ళవాళ్ళకి కబురు చేరింది. అందరిలోకీ పెద్దవాడు లాజరు వచ్చి, "అమ్మా, నీ మీద నాకు గౌరవం. కానీ చెప్పుకాళ్ళతో రుబ్బిన పిండంటే నా బండి మొహం ఎవడూ చూడడు," అన్నాడు. చెప్పులు మేకుకెక్కాయి.

రెండో దశలో పీట. చెక్క కదా, కరెంటు పారదన్నారు. పొడిగా ఉన్నంతసేపు నిజమే. షెడ్డులో పొడిగా ఉండేది పైకప్పు ఒక్కటే. పీట నానింది, జారింది, వదిన గ్రైండరు పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ షాక్‌తో మర్నాడు మధ్యాహ్నం దాకా ఎడంచెయ్యి లేవలేదు. నేను ఆఫీసుకెళ్ళి అరిచాను. ఏఈ గారు వచ్చి పీటని తిరగేసి, బోర్లేసి చూశారు.

"పీటకు నేలతో ప్రత్యక్ష సంబంధాలు కొనసాగుతున్నట్లు క్షేత్రస్థాయి పరిశీలనలో వెల్లడైనది," అన్నారు.

"పీట నేల మీద కాక ఇంకెక్కడ వేస్తారు సార్?"

"అదే ఆలోచిస్తున్నాను," అన్నారు, పైకప్పు వైపు చూస్తూ. ఆ చూపుకి నాకు భయమేసింది.

మూడో దశలో ఊయల.

షెడ్డు దూలానికి నైలాను తాళ్ళు కట్టి, చెక్కబల్ల వేలాడదీసి, వదినని దాని మీద కూచోబెట్టారు. గ్రైండరు తిరుగుతున్నంతసేపు కాళ్ళు నేలకి ఆనకూడదు. చదవడానికి బాగానే ఉంటుంది. పిండి తొయ్యడానికి వదిన ముందుకు వంగితే ఊయల వెనక్కి పోతుంది. వెనక్కి పోయిన ఊయల ముందుకొచ్చేటప్పుడు చేతిలో గరిటె ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. పప్పు రోట్లో పడేది కొంత, వదిన జుట్టులో పడేది కొంత. దిగాలంటే ముందు గ్రైండరు ఆపాలి. స్విచ్చు వంటింట్లో ఉంది, ఎందుకంటే షెడ్డులో స్విచ్చు పెడితే అది శాశ్వత నిర్మాణం కిందికొస్తుంది. కాబట్టి వదిన ఊయల మీంచి అరవాలి, వెంకాయమ్మ వినాలి. వెంకాయమ్మకి చెవులు సరిగా వినపడవు.

"అత్తా, స్విచ్చాపు."

"ఏందే?"

"స్విచ్చు, స్విచ్చు."

"ఇచ్చేశానే, లాజరొచ్చి తీసకపోయాడు."

"ఏంది ఇచ్చేసింది?"

"పిండే."

"పిండింకా రోట్లోనే ఉంది అత్తా."

"మరి నేనేమిచ్చినట్టు?"

అది తలంటికి కలిపి పెట్టుకున్న సున్నిపిండి. లాజరు ఆ పూట ఇడ్లీలు వేశాడో లేదో నేనడగలేదు.

ఊరంతా వేలాడటం మొదలుపెట్టింది. వెల్డింగు షాపు మస్తాను సంచి కుట్టించుకుని అందులో కూచున్నాడు. పెరట్లో బట్టల మిషను పెట్టుకున్న దర్జీ మంచాన్నే తాళ్ళకి కట్టాడు. పాడి పెట్టుకున్న బసవయ్య ఆఫీసుకెళ్ళి, షెడ్డులో ఫ్యాను కింద గేదె నిలబడుతుంది, దాన్నేం చెయ్యమంటారని అడిగాడు. పశువులు మా శాఖ కిందికి రావు, పశువైద్యశాఖని సంప్రదించమన్నారు. వాళ్ళు, ఊయలలు మా శాఖ కిందికి రావన్నారు. గేదె ఇంకా నేల మీదే ఉంది, విధానం తెలియక.

ఇలా ఉండగా పెదసోమవరం ప్రయోగం విజయవంతమైందనీ, ఆదర్శ షెడ్డుని చూడటానికి చీఫ్ ఇంజనీరు విరూపాక్షరావు గారే స్వయంగా వస్తున్నారనీ కబురొచ్చింది.

పెరట్లో షామియానా వేశారు. దండెం మీద బట్టలు తీయించి, వైరుకి బంతిపూల దండలు చుట్టారు. టేపు కనపడకుండా పోయింది. డప్పులవాళ్ళని పిలిపించారు. ఊయలకి రంగు కాగితాలు అంటించి, పట్టుచీర కట్టించి, వదినని ముందే ఎక్కించి కూచోబెట్టారు. గ్రైండరు తిరుగుతూ ఉండాలి, ఎందుకంటే చీఫ్ గారు చూడాల్సింది విధానం పనిచెయ్యడం.

చీఫ్ గారు నిలువు బొట్టు పెట్టుకున్న భక్తిపరుడు. బూట్లతో షెడ్డు గుమ్మం దాకా వచ్చారు. వెంకాయమ్మ అడ్డం నిలబడింది.

"చెప్పులు బయట నాయనా. తినే పిండి."

ఏఈ గారు ఆవిడని పక్కకి జరపబోయారు. చీఫ్ గారు మాత్రం సంతోషించారు. "ఇదీ మన సంస్కృతి. చూశారా మార్కండేయులూ?" అని బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు. వెంకాయమ్మ చెంబుతో నీళ్ళిస్తే కాళ్ళు కూడా కడుక్కున్నారు. అలా ఆ మహానుభావుడు తడికాళ్ళతో తడినేల మీద అడుగుపెట్టారు.

ఎవరో కొబ్బరికాయ అందించారు. ఆయన గ్రైండరు ముందు నేలకేసి కొట్టారు, నీళ్ళు నాలుగువైపులా పారాయి. ఎవరో కుంకుమ భరిణె అందించారు. ఏ యంత్రానికైనా బొట్టు పెట్టందే మనకి కొత్త పని మొదలుకాదు కదా. ఆయన వేలు తడి చేసుకుని, కుంకుమలో అద్ది, గ్రైండరు వైపు వంగారు.

ఏఈ గారు నోరు తెరిచారు. దాన్ని ముట్టుకోకండి అంటే అది సురక్షితం కాదని సూచించినట్టవుతుంది. నోరు మూసుకున్నారు. ఆ రెండు సెకన్లలో ఆయన పడ్డ యాతన చూసి నాకే జాలేసింది.

రత్నం వదినకి విధానాలతో పనిలేదు. "అయ్యా, ముట్టుకోకండి," అని ఊయల మీంచి అరిచింది.

"ఏమంటోంది?"

"తమ చేతికి పిండి అంటుకుంటుందని ఆమె బాధ సార్," అన్నారు ఏఈ గారు.

చీఫ్ గారు చిరునవ్వుతో బొట్టు పెట్టారు.

చిరునవ్వు అలాగే ఉండిపోయింది. మిగతా మనిషంతా వణకడం మొదలైంది. భుజాలూగాయి, తల ఊగింది, కళ్ళు పైకి తేలాయి, గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. జనం ఒక్క క్షణం చూశారు. బంతిపూలు, కుంకుమ, కొబ్బరికాయ, ఊగిపోతున్న మనిషి. మా ఊళ్ళో దీనికి ఒకటే అర్థం.

"అమ్మవారు పూనింది," అని ఒకావిడ చెంపలేసుకుంది.

డప్పులు జోరందుకున్నాయి. ఇద్దరు ముందుకొచ్చి వేపమండలు కావాలని అరిచారు. ఒకాయన తన కూతురి పెళ్ళి ఎప్పుడవుతుందో చెప్పమని చీఫ్ గారిని అడుగుతున్నాడు. నేను స్విచ్చు, స్విచ్చు అని గొంతు చించుకుంటూ జనాన్ని తోసుకుని వంటింటి వైపు పరిగెత్తాను. అక్కడ వెంకాయమ్మ హారతి పళ్ళెం వెతుకుతోంది.

నేను వైరు పీకేలోపే పని అయిపోయింది. వదిన కాళ్ళు ముడుచుకుని, ఊయలని వీలైనంత వెనక్కి ఊపి, ముందుకొచ్చిన ఊపులో రెండు పాదాలూ కలిపి చీఫ్ గారి రొమ్ము మీద తన్నింది. ఆయన గ్రైండరుని వదిలి, గుమ్మం దాటి, షామియానా గుంజ దగ్గర పడ్డారు. కాసేపటికి కళ్ళు తెరిచి, బూట్లడిగారు.

ఆస్పత్రిలో ఒక పూట ఉంచి పంపేశారు. చెయ్యి కమిలింది, అంతే. వదిన మాత్రం అన్నం ముట్టలేదు. అంత పెద్ద ఆఫీసరుని, పట్టుచీర కట్టుకుని మరీ, అందరి ముందూ తన్నింది. జైల్లో వేస్తే అత్తకి మందులెవరిస్తారని నన్నడిగింది. నేను ధైర్యం చెప్పాను గానీ, నాకూ లేదు.

విచారణ జరిగింది. నివేదిక వచ్చింది. మొత్తం ఊరు చదివింది. అందులో గ్రైండరు లేదు, వైరు లేదు, షాక్ లేదు. 'గౌరవ చీఫ్ ఇంజనీరు వారు నేలతో సంబంధం కలిగి ఉన్న సమయమున కొంత అసౌకర్యానికి గురి కాగా, నేలతో సంబంధం లేని వినియోగదారిణి తమ పాదముల ద్వారా వారిని సకాలంలో వేరుచేసినది. ఊయల లేనిచో ఇది సాధ్యపడెడిది కాదు. కావున ఊయల విధానం సంపూర్ణంగా నిరూపితమైనది. జిల్లా అంతటా అమలుపరచవలెను.'

వదిన మీద కేసు లేదు. పైగా శాలువా కప్పారు. ఆ సంఘటన గుర్తుగా పెరట్లోనే, షెడ్డుకి చెయ్యి చాపితే అందేంత దూరంలో, స్మారక మంటపం కట్టాలని తీర్మానించారు. పాలరాయి పలక, దాని మీద కాకి, చుట్టూ దీపాలు. దీపాలంటే కరెంటు. చీఫ్ గారు ప్రారంభానికి రావాలి, స్విచ్చు ఆయనే వెయ్యాలి. ఈసారి వేలాడే వైరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ పని చూసితీరాలి. స్తంభం నుంచి మంటపం దాకా కందకం తవ్వారు. ఉక్కు తొడుగున్న కేబులు పైపులో దించి, ఇసక పోసి, ఇటుకలు పరిచి పూడ్చారు. లీకైతే పడిపోయే బ్రేకరు బిగించారు. ఎర్తు గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ వేశారు. దాంట్లో నీళ్ళు ఏఈ గారే స్వయంగా బిందెతో పోశారు. దానికి అనుమతి అక్కర్లేదట. మంటపం పెరటి షెడ్డు కాదు, స్మారకం. నిబంధన షెడ్లకే.

"సార్, ఆ కేబులు ఇంకొక్క గజం ముందుకి లాగితే షెడ్డుకి కూడా వస్తుంది," అన్నాను.

"షెడ్డుకు విధానం ఉన్నది కదా," అన్నారు.

ప్రారంభానికి చీఫ్ గారు రాలేదు. ఆరోగ్యం సహకరించలేదని సందేశం పంపారు. ఏఈ గారే స్విచ్చు వేసి, దీపాలు చూసి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో ఏదో ఈడుస్తున్న చప్పుడు. లాజరూ మస్తానూ చెరోవైపు పట్టి గ్రైండరుని మంటపంలోకి ఎక్కిస్తున్నారు. వదిన పలక కింద ప్లగ్గులోంచి దీపాల వైరు పీకి గ్రైండరు వైరు పెట్టింది. వట్టికాళ్ళతో నిలబడింది. బియ్యం పోసి, నీళ్ళు పోసి, అరచెయ్యి తీసుకెళ్ళి గ్రైండరు మీద ఆనించింది. ఆవిడ అలాగే ఉంచింది, జ్వరం చూస్తున్నట్టు.

"ఏమన్నా ఉందా వదినా?"

"చల్లగా ఉందబ్బాయ్," అంది. చెయ్యి తియ్యలేదు. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి వాడింది.

కబురు తెలిసి ఏఈ గారు వచ్చారు. పలక మీద కాకి మొహానికి అప్పటికే పిండి చుక్కలు పడి ఉన్నాయి.

"అమ్మా, ఇది స్మారక చిహ్నం. ఇందులో గ్రైండరు పెట్టుటకు వీలులేదు."

"తీసేస్తాను సార్. ఎందుకు పెట్టానో రాసిస్తాను, తీసుకుంటారా? షెడ్డులో షాక్ కొడుతోందని రాస్తాను."

ఆయన ఆ కాగితం తీసుకోలేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఏఈ గారు అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి మంటపం ఎక్కారు. వేలి వెనక వైపుతో గ్రైండరుని ఒకసారి తాకి, చటుక్కున తీసుకున్నారు. మళ్ళీ తాకారు. తర్వాత చెయ్యి మొత్తం పెట్టారు. పెట్టి, చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"మా పెరట్లో మోటారు షెడ్డుందమ్మా," అన్నారు. గొంతు మారిపోయింది, సర్క్యులరు లేదు అందులో. "మా ఆవిడ నీళ్ళకోసం రోజూ వెళ్తుంది. రోజూ జిల్లుమంటోంది అంటుంది. మా ఇంట్లో కూడా ఇట్టాంటి మంటపం పడాలంటే ఏం చెయ్యాలంటావు? నాకోసారి కొడితే సరిపోద్దా?"

వదిన గరిటెతో పిండి తోస్తూ, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"చీఫ్ గారే రావాలి సార్. మీకు కొడితే లాభం లేదు."